గిరీశం గారి కొత్త బ్యాచ్

‘వెరీ’ అనే మాట మీద యుద్ధం ప్రకటించారు. మీకు కబురు అందలేదా? ఫోను తెరవండి. నల్ల టీషర్టు, కాలరుకు మైకు, వెనకాల ఊదారంగు దీపం. కుర్రాడు వేలు చూపించి మరీ బెదిరిస్తాడు. వెరీ టైర్డ్ అనకండి, ఎగ్జాస్టెడ్ అనండి. వెరీ హ్యాపీ అనకండి, ఎక్‌స్టాటిక్ అనండి. వెరీ హంగ్రీ అన్నారో, మీరు పల్లెటూరి బైతు. స్టార్వింగ్ అనండి, అక్కడికక్కడే కార్పొరేట్ అయిపోతారు. 30 సెకన్లు, మూడు మాటలు. కింద లింకు. లింకు వెనక కోర్సు. కోర్సు మీద 18 శాతం జీఎస్టీ.

మధ్యాహ్నం బిర్యానీ లాగించి, సాయంత్రానికి ఏం తెప్పించుకుందామా అని స్విగ్గీ తిప్పుతున్నవాడు స్టార్వింగ్ అట. బాగానే ఉంది. మరి రెండు రోజులుగా పొయ్యి వెలగని ఇంట్లోవాడు ఏమనాలి? వాడికి మాట మిగల్చలేదు. అయినా వాడెలాగూ కోర్సు కొనడు లెండి. టార్గెట్ ఆడియన్స్ కాదు.

ఈ వ్యాపారం పేరు ఎక్స్‌ప్రెసివ్ వొకాబులరీ. భావం ఒలికే పదసంపద. పేరు వినగానే జేబు తడుముకోవాలనిపిస్తుంది. సంపద ఉంది నిజమే, అది అమ్మినవాడికి చేరింది. పదాలూ ఉన్నాయి, అవి కొన్నవాడి నోట్‌బుక్కులో పడి ఉన్నాయి. భావం మాత్రం ఎవరి దగ్గరుందో తెలియదు. దాని గురించి అడిగినవాళ్లూ లేరు.

ఇది కొత్త రోగమా? కాదు. గురజాడ వారి కన్యాశుల్కం నాటకం తొలిసారి ఆడింది 1892లో. అగ్నిహోత్రావధాన్లు గారింట్లో వెంకమ్మగారు ముచ్చటపడింది. కొడుకూ మాస్టారూ ఇంగిలీషులో మాట్లాడుకుంటే వినాలని. పరీక్ష తప్పిన వెంకటేశం, వాడికి పాఠం చెప్పానంటున్న గిరీశం. ఇద్దరూ వాచకంలో గుర్తున్న ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. ఒక ముక్కకు ఇంకో ముక్కకు పొంతన లేదు. తల్లి మాత్రం పొంగిపోయింది. గురజాడ వారు దాన్ని ఎగతాళికి రాశారు. మనం సిలబస్ అనుకున్నాం.

గిరీశం ఎంతైనా పాతకాలపు మనిషి. చుట్టలతో, నాలుగు పూటల భోజనంతో సరిపెట్టుకున్నాడు. నేటి గిరీశాలకు డెమో క్లాసు ఉంది, ప్రీమియం బ్యాచ్ ఉంది, ఈఎంఐ సదుపాయం ఉంది. ఫీజు వెనక్కి ఇచ్చే నిబంధన కూడా ఉంది. చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఒకసారి నడవండి. గోడ కనిపించదు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడి గదుల్లో ఒక తరం తరమంతా అమెరికా చదువుకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటలను అట్టముక్కల మీద రాసుకుని బట్టీకొట్టింది. ఆ తరంవాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. ‘ఎ’తో మొదలయ్యే మాటలన్నీ వచ్చు. ‘బి’తో కొన్ని వచ్చు. ‘సి’ దగ్గరికి వచ్చేసరికి వీసా స్లాటు దొరికింది. అక్కడితో సరస్వతీదేవికి సెలవు. పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లకే విసుగొచ్చి 2011లో విలోమపదాలు, సాదృశ్యాల ప్రశ్నలు తీసేశారు. 2023 సెప్టెంబరులో పరీక్షనే రెండు గంటల లోపుకు కుదించారు. పరీక్ష చిక్కింది. జాబితాలు మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నాయి.

సరే, మాటలు పోగేశాడు. వాటితో ఏం రాశాడు? స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాశాడు. రాశాడా? కన్సల్టెన్సీవాళ్లు రాసిచ్చారు. చిన్ననాటి నుంచీ కంప్యూటర్లంటే తీరని దాహం అని మొదలవుతుంది. వరంగల్ కుర్రాడిదీ అదే దాహం. ఒంగోలు పిల్లదీ అదే దాహం. ఇన్ని వేల గొంతులు ఒకే రకంగా ఎండిపోతుంటే అక్కడి ప్రొఫెసరుకు అనుమానం రాదా? ఇప్పుడైతే కన్సల్టెన్సీకి కూడా పని తగ్గింది. చాట్‌జీపీటీ రాస్తుంది. దాహం ఇంకొంచెం అలంకారంగా వస్తుంది, అంతే తేడా.

ఇంజినీరింగ్ కాలేజీల్లో దీనికి తమ్ముడొకడున్నాడు. క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్, ముద్దుపేరు సీఆర్టీ. మూడేళ్లు నోరెత్తనివ్వని కాలేజీ నాలుగో ఏడాది వచ్చి మాట్లాడు, మాట్లాడు అని వెంటపడుతుంది. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అట. మైసెల్ఫ్ ఫలానా. మై స్ట్రెంత్ ఈజ్ పాజిటివ్ ఆటిట్యూడ్. మై వీక్‌నెస్ ఈజ్, ఐ ట్రస్ట్ ఎవ్రీబడీ. హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్, ప్లేయింగ్ క్రికెట్. క్లాసులో ఉన్న అరవై మందిదీ ఇదే ‘సెల్ఫ్’. నాన్న పత్తి వేసి మునిగిన సంగతి ఉండదు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టిన సంగతి ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంటు సర్కారు నుంచి రాక కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు పట్టుకున్న సంగతి అసలే ఉండదు. రాత్రిళ్లు బైకు మీద పార్శిళ్లు మోసి ఖర్చులు వెళ్లదీసుకున్న కుర్రాడు హాబీ క్రికెట్ అని చెప్పాలి. మోసినదంతా సెల్ఫ్ కాదా? వీటిని చెప్పడానికి కాకపోతే ఇంగ్లిష్ మాటలు ఇంకెందుకు?

అసలు వేరు బడిలో ఉంది. లీవ్ లెటర్ గుర్తుందా? యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. గుర్తుండకేం, మీరూ అదే రాశారు. క్లాసులో నలభై మంది, అందరికీ జ్వరం. తేలు కుట్టినా జ్వరమే. అక్క పెళ్లయినా జ్వరమే. వరినాట్లకు వెళ్లినా జ్వరమే. గైడులో ఉన్నది జ్వరం ఒక్కటే కదా! ఏ పిల్లవాడైనా తెగించి, రాత్రి మా గేదె ఈనింది సార్, దూడ అడ్డం తిరిగింది, ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో రాశాడనుకోండి. ఎర్ర సిరా. నిజం రాసినవాడికి సున్నా. లేని జ్వరం తప్పుల్లేకుండా రాసినవాడికి అయిదుకు అయిదు. భావప్రకటన ఇలా మొదలైంది మన దగ్గర. ఆ రోజే వాడికి అర్థమైపోయింది, ఇంగ్లిష్ అంటే జరగనిది చెప్పే భాష అని.

ప్రైవేటు బడుల సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. టెక్నో, ఈ-టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్. బోర్డు మీదే వొకాబులరీ ఒలికిపోతూ ఉంటుంది. లోపల టీచరమ్మకు ఇచ్చే జీతం చెబితే మాత్రం నోట మాట రాదు. ‘డోంట్ టాక్ ఇన్ తెలుగు రా’ అని ఆమె అరుస్తుంది. ఆ ‘రా’ మీద జరిమానా లేదు, పిల్లల మీద ఉంది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి ఇంకో అడుగు ముందుకేసింది. తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో, ఇక మాట్లాడను అని రాసిన పలకలు వేలాడదీసింది. ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఊరూవాడా భగ్గుమంది. నాయకులు ఖండించారు. ఖండించిన నాయకుల మనవలు ఆ ఏడాది ఏ బడిలో చదువుతున్నారో ఏ విలేకరీ అడగలేదు. మర్యాద కాదు కదా.

నోరు తెరిస్తే జరిమానా వేసే చోట పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? నోరు మూసుకోవడం నేర్చుకుంటాడు. అది ఏ మీడియంలోనైనా ఒకటే.

ఇక ఏలినవారి దగ్గరికి వద్దాం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు జీవో ఇచ్చింది. ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇక ఇంగ్లిష్ మీడియమే. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు వెళ్లారు. తెలంగాణ 2022-23లో అదే బాట పట్టింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండేలా పుస్తకాలు అచ్చయ్యాయి. పుస్తకం మారింది. బోర్డు మారింది. గోడ మీద రంగు మారింది. నిన్నటిదాకా తెలుగులో త్రిభుజం చెప్పిన మాస్టారు మాత్రం మారలేదు. తెల్లారేసరికి ఆయన ట్రయాంగిల్ చెప్పాలి. ఆయనకు ఇచ్చిన శిక్షణ ఎంత? పిల్లల చేత మాట్లాడించడానికి ఆయనకు తీరికెక్కడ? మధ్యాహ్న భోజనం ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి, కొన్నేళ్లపాటు మరుగుదొడ్డి ఫొటో కూడా పెట్టాల్సి వచ్చింది, ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. ఆయన వొకాబులరీ అంతా అప్‌లోడ్, సబ్మిట్, సర్వర్ డౌన్.

ఇది చాలదన్నట్టు 2023లో ఆంధ్రప్రదేశ్‌కు టోఫెల్ వచ్చింది. జీఆర్ఈ పెట్టే ఈటీఎస్‌తోనే ఒప్పందం. మూడో తరగతి నుంచి టోఫెల్ శిక్షణ! అమెరికా యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులను రాయమని అడిగే పరీక్షకు పిల్లల సైజు చొక్కా కుట్టారు. ఊళ్లో అంగన్‌వాడీకి ప్రహరీ లేదు, పిల్లవాడికి మాత్రం అంతర్జాతీయ ప్రమాణం. 2024లో ప్రభుత్వం మారింది. టోఫెల్ ఎగిరిపోయింది. ఆ పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో పిల్లవాడు నేర్చుకునేలోపే పరీక్ష లేకుండా పోయింది. పెట్టినప్పుడు పిల్లవాడిని అడిగారా? తీసేసినప్పుడు అడిగారా? పెట్టినవారు విప్లవం అన్నారు, తీసేసినవారు సంస్కరణ అన్నారు. చూశారా, ఎక్స్‌ప్రెసివ్ వొకాబులరీ అంటే ఇదీ.

కుర్చీలో ఉంటే ఇంగ్లిష్. కుర్చీ దిగితే అమ్మభాష. ఇది ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. వంతులవారీగా వాడుకుంటున్నారు. నిన్న ఒకరు చదివిన ఉపన్యాసం ఇవాళ ఇంకొకరి చేతిలో ఉంటుంది, పేరు కొట్టేసి.

భాషాభిమానులకు కూడా ఇక్కడో కుర్చీ వేయాలి. పేదవాడి బిడ్డ ఇంగ్లిష్ మీడియంలో చేరితే తెలుగు చచ్చిపోతుందని కన్నీరు పెట్టుకునే పెద్దలు. పద్యం పాడతారు, శాలువా కప్పించుకుంటారు, వేదిక దిగి డాలస్‌లో ఉన్న మనవడికి వీడియో కాల్ చేస్తారు. ఆ మనవడు తెలుగులో హలో అంటే చాలు, ఇల్లంతా చప్పట్లు. తెలుగును కాపాడే బరువంతా కూలీ చేసుకునేవాడి పిల్లల నెత్తినే ఎందుకు పెట్టారండీ? మీ ఇంట్లోనూ కాస్త మోయొచ్చు కదా? పేదవాడు ఇంగ్లిష్ అడిగితే అది తప్పు కాదు. ఇంగ్లిష్ పేరు చెప్పి వాడికి అట్టముక్కలు అంటగట్టడం తప్పు.

ఎంత అంటగట్టారో లెక్క కూడా ఉంది. ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల అసర్ సర్వే. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 2016లో 24.7 శాతం. 2022లో 24.5. నవల కాదు, వార్త కాదు. పిల్లలకు రాసే పొట్టి వాక్యాలు. మధ్యలో ఆరేళ్లు. ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని రీళ్లు, ఎన్ని ‘30 రోజుల్లో ఇంగ్లిష్’ పుస్తకాలు, ఎన్ని శంకుస్థాపనలు! అంతా కలిపి 0.2 శాతం పాయింట్లు. అదీ కిందికి.

ఇంతకీ ఈ దేశంలో భావాన్ని నిజంగా పండించగల పదసంపద ఎవరి దగ్గరుందో తెలుసా? రీళ్ల కుర్రాళ్ల దగ్గర కాదు. ఆఫీసుల్లో ఉంది. అక్కడి ఇంగ్లిష్‌ను చూసి దండం పెట్టాల్సిందే.

సర్కారు ఆఫీసుతో మొదలుపెడదాం. సందు చివర బడి ఉండేది. పిల్ల గిన్నె పట్టుకుని నడిచి వెళ్లేది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 నంబరు జీవో వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు తీసుకెళ్లి హైస్కూలులో కలపమంది. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మా బడి ఎత్తుకుపోతున్నారు అన్నది వాళ్ల మాట. పాపం, వాళ్లకు వొకాబులరీ లేదు. సర్కారుకు ఉంది. దాని మాట రేషనలైజేషన్. ఇంకో మాట మ్యాపింగ్. ఎంత హాయిగా ఉందో చూడండి! బడి పోలేదు, మ్యాప్ అయింది. పిల్ల చదువు మానలేదు, మ్యాప్‌లో లేదు. ఆ జీవో ఇంగ్లిష్‌లోనే వచ్చింది. ఈ నేల మీద అధికార భాష తెలుగు అని 1966లోనే చట్టం చేసుకున్నాం. అరవై ఏళ్లవుతున్నా జీవోలకు ఆ చట్టం ఇంకా చేరలేదు. 

పోలీసువారి ఇంగ్లిష్ చూడండి. మైల్డ్ లాఠీచార్జి. అంగన్‌వాడీ టీచరు తలకు ఎనిమిది కుట్లు పడితే అవీ మైల్డే. కట్టు కట్టినవాడిని అడిగితే తెలుస్తుంది ఎంత మైల్డో.

కార్పొరేట్ ఆస్పత్రి బిల్లు చూడండి. డాక్టరు తొడుక్కున్న గ్లవుల ఖర్చు, నర్సు వాడిన దూది ఖర్చు బీమాలో రావు. వాటిని నాన్ పేయబుల్ అంటారు. అయ్యా, పేయబుల్ కానప్పుడు మేమెందుకు పే చేస్తున్నాం? కౌంటరులో కుర్రాడు నవ్వుతాడు. వాడికీ తెలియదు. సినిమా టికెట్టు మనమే బుక్ చేసుకుంటాం, మన ఫోనులో, మన డేటాతో. కన్వీనియెన్స్ ఫీజు మనమే కడతాం. కన్వీనియెన్స్ ఎవరిది?

హైటెక్ సిటీలో ఇంకో మాట ఉంది, రైట్‌సైజింగ్. పొద్దున్నే పాస్‌వర్డ్ పనిచేయదు. మధ్యాహ్నం మెయిల్ వస్తుంది. మీ సేవలకు కృతజ్ఞతలు, మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండుగాక. పదిహేనేళ్లు పనిచేసినవాడిని గెంటేసి ఇంత తియ్యగా రాయగలిగినవాడికి ఏ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కావాలి? వాడు మాస్టరు. సీఆర్టీ క్లాసులో మై స్ట్రెంత్ ఈజ్ పాజిటివ్ ఆటిట్యూడ్ అని వల్లించి చేరినవాడే, నాలుగు మెట్లెక్కాక ఈ మెయిల్ రాస్తాడు. శిక్షణ వృథా పోలేదు.

మన బిహార్‌లోని మోతిహారిలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1946లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. రాజకీయం కుళ్లితే భాష కుళ్లుతుందనీ, చిన్న మాట చాలిన చోట పెద్ద మాట వాడొద్దనీ చెప్పాడు. ఇంగ్లిష్‌వాడే ఇంగ్లిష్ గురించి చెప్పిన సంగతి. విన్నామా? 2018లో శశి థరూర్ గారు తన పుస్తకం గురించి చెబుతూ 29 అక్షరాల మాట ఒకటి ట్విట్టర్‌లో వదిలారు. ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. దేశం దేశమంతా నిఘంటువుల మీద పడింది. చిన్నపిల్లల చేత కూడా బట్టీ పట్టించి చుట్టాల ముందు నిలబెట్టారు. ఆ మాటకు అర్థం, పనికిరానిదిగా లెక్కగట్టడం. థరూర్ గారు సరదాకు వేశారు, ఆయన చదువుకున్నవాడు, వేసుకుంటాడు. మన పిల్లకు ఆ 29 అక్షరాలు వచ్చాయి. కడుపులో ఎక్కడ నొప్పిగా ఉందో డాక్టరుకు చెప్పడానికి మాత్రం ఏ భాషలోనూ మాట రాలేదు.

మరి మాటలు ఎలా వస్తాయి? ఇందులో రహస్యమేమీ లేదు. వందేళ్ల కిందటే తేలిపోయిన విషయం. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిష్ మాస్టారు 1920ల్లో ఢాకాలో టీచర్లకు పాఠాలు చెప్పేవాడు. బెంగాలీ పిల్లల్ని చూసి చూసి ఆయన తేల్చుకున్నది ఒకటే. వీళ్లకు ముందు కావలసింది చదవడం. చదవడానికి అర్థమయ్యే పుస్తకాలు. కూర్చుని అలాంటి వాచకాలు రాశాడు. 1953లో ఎక్కువగా వాడే రెండు వేల మాటల జాబితా అచ్చువేశాడు. మామూలు ఇంగ్లిష్ పేజీలో అయిదింట నాలుగు వంతుల మాటలు దాదాపు అందులోవే. ఎక్‌స్టాటిక్ లేకపోతే కొంప మునగదని దాని తాత్పర్యం. నవలను నిఘంటువు సాయం లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. రీలుకు మూడు మాటల చొప్పున మూడు వేల రీళ్లు చూడాలి. చూసినా రావు. ఒకే మాట పది సందర్భాల్లో, పది మంది నోట, కోపంలో ఒకసారి, వెటకారంలో ఒకసారి ఎదురుపడితే తప్ప ఒంటబట్టదు. అవన్నీ ఒకచోట దొరికే వస్తువును పుస్తకం అంటారు. పాతకాలపుది. ఈఎంఐలో అమ్మరు.

పుస్తకం కొనలేనివాడి కోసం ఒకప్పుడు ఇక్కడ పిచ్చివాళ్లు ఉండేవారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారూ మిత్రులూ బెజవాడలో ఊరూరి గ్రంథాలయాలకు ఒక సంఘం పెట్టారు. 1930ల్లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు నడిపించారు. తెల్లదొర రాజ్యమది. కరెంటు లేదు. రోడ్డు లేదు. పుస్తకం పడవెక్కి గుమ్మం ముందుకు వచ్చింది.

ఇప్పుడు? కరెంటు ఉంది, నాలుగు లైన్ల రోడ్డుంది. సర్కారు బడికి పుస్తకాలూ వస్తాయి, ఇంగ్లిష్‌వి, రంగు బొమ్మలవి. వచ్చి బీరువాలోకి వెళతాయి. బీరువాకు తాళం. తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర. ఒక్క పుస్తకం చిరిగినా స్టాక్ రిజిస్టరులో ఆయనే జవాబు చెప్పాలి. అందుకని చిరగనివ్వడు. పిల్లలు ముట్టుకోకపోతే పుస్తకం ఎంత చక్కగా ఉంటుందో తెలుసా? తనిఖీకి వచ్చినవారు చూసి మెచ్చుకుని వెళతారు.

ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. నిండుగానే ఉంటుంది. గ్రూప్స్ కుర్రాళ్లు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని, కుర్చీ చాలక చెట్టు కింద కూర్చుని చదువుతుంటారు. వాళ్లకు గ్రంథాలయం ఇచ్చేది ఫ్యాను గాలి. లైబ్రేరియన్ పోస్టు ఖాళీ. ఇంగ్లిష్ నవలలు ఉన్న రాక్ ఏ మూలనుందో రోజుకూలీ మీద ఉన్న అటెండరుకు తెలియదు. కొత్త పుస్తకాలు ఎందుకు రావు? నిధుల్లేవు.

నిజంగా లేవా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మీ ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మీరు కడుతున్నారు. మీ నాన్నగారు కట్టారు. పుస్తకం మొహం చూడని ఎదురింటాయనా కడుతున్నాడు. కట్టకపోతే నోటీసు అంటిస్తారు, కుళాయి కోస్తారు. అలా ముక్కుపిండి వసూలు చేసిన సొమ్మును మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. చేస్తున్నాయా? ఏళ్ల తరబడి బకాయి పెట్టి, జీతాలకూ మరమ్మతులకూ వాడేసుకుంటున్నాయని వార్తలు వస్తూనే ఉన్నాయి. బకాయిలు కోట్లలో. పిల్లవాడి పుస్తకం డబ్బుతో కాలువల పూడిక తీశారు. పోనీ కాలువలైనా బాగుపడ్డాయా? వానాకాలం వచ్చినప్పుడు మీ వీధి చూసుకోండి. ఈ పనికి కూడా వాళ్ల దగ్గర చక్కటి ఇంగ్లిష్ మాట ఉంది. డైవర్షన్ ఆఫ్ ఫండ్స్. మామూలు మనిషి చేస్తే దీన్ని వేరే మాటతో పిలుస్తారు, సెక్షన్ నంబరుతో సహా.

టోఫెల్‌కు డబ్బు దొరికింది. ఫ్లెక్సీకి దొరికింది. ప్రకటనల్లో నాయకుల నవ్వుకు మొదటి పేజీ మొత్తం దొరికింది. ఇప్పటికే వసూలైన 8 పైసలు మాత్రం దారి తప్పాయి.

కాబట్టి మీ పిల్లల ఇంగ్లిష్ కోసం కోర్సు కట్టే ముందు ఒక పని చేయండి. బీరువాలో ఉన్న ఇంటిపన్ను రసీదు బయటికి తీయండి. అందులో లైబ్రరీ సెస్ అని ఒక వరస ఉంటుంది. గత పదేళ్లలో మా మున్సిపాలిటీ దీని కింద ఎంత వసూలు చేసింది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమచేసింది, ఏ తేదీన చేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.